పైపులో దారం

మా తమ్ముడు ఎలక్ట్రీషియను. పాతికేళ్ళ అనుభవం. తను పనిచేసిన ఏ ఇంటి గోడలో ఏ వైరు ఎటు పోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అంతటివాడు సొంత అక్క ఇంటి దగ్గర పైపు పాతి, దానిమీద కాంక్రీటు పోయించి, లోపల లాగుడు తీగ వదలడం మరిచిపోయాడు.

లాగుడు తీగ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. పైపు పాతేటప్పుడే లోపల ఒక సన్నటి ఇనప తీగ పెట్టి రెండు కొసలూ బయటికి వదిలేస్తారు. తర్వాత ఒక కొసకి అసలు వైరు కట్టి రెండో కొస పట్టుకుని లాగితే వైరు సుఖంగా వచ్చేస్తుంది. ఇతరుల ఇళ్ళలో ఈ తీగ మరిచిపోతే తన కింద పనిచేసేవాళ్ళ మీద ఒంటికాలి మీద లేస్తాడు మావాడు. మా ఇంటి దగ్గర మాత్రం "మనదే కదా" అనుకుని, గంటలో పైపు పడేసి, మూతలు బిగించి, ఇంకో పనికి పరిగెత్తాడు. మనదే కదా అనుకున్న పనులన్నీ మా ఇంట్లో ఇలాగే ఏడుస్తాయి.

ఆ పైపు అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. మూడు నెలల క్రితం మా అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. "ఎంతవరకు అర్థమవుతోందో ఇప్పుడే చెప్పలేం, మాట్లాడిస్తూ ఉండండి" అన్నాడు డాక్టరు. రెండు వారాలు మాట్లాడించాం. జవాబు రాని మనిషితో ఎంతకని మాట్లాడతాం? రానురాను అమ్మతో మాట్లాడడం తగ్గి, అమ్మ ముందు మాట్లాడుకోవడం ఎక్కువైంది.

మా ఇల్లు దారికి ఇటుపక్క, నా కుట్టు షాపు అటుపక్క. ఆ షాపు ఒకప్పుడు అమ్మదే. మా ఆయన బస్సు నడుపుతాడు, పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ రాడు. అమ్మని షాపులోకి మార్చుదామంటే అక్కడ మంచం కాదు కదా, ఇంకో స్టూలు పట్టే చోటు లేదు. అందుకని గంటకోసారి దారి దాటి వచ్చి చూసి వెళ్ళేదాన్ని. ఒకరోజు హోటలు పనివాళ్ళ యూనిఫారాలు అర్జెంటని మిషన్ మీద కూర్చుని గంటన్నర లేవలేదు. వచ్చేసరికి అమ్మ మంచం మీంచి కింద పడి ఉంది. ఎడమచేతిలో చెంచా పట్టుకుని నేలమీద కొడుతూ ఉంది. ఎప్పటినుంచి కొడుతోందో తెలియదు. నా మిషన్ మోటారు రొదలో, దారికి అవతల, చెంచా చప్పుడు ఎవరికి వినబడుతుంది?

ఎముకలు విరగలేదు. "ఈసారికి బతికిపోయారు. ఇంకోసారి పడితే తుంటి విరుగుతుంది, ఇక లేవరు" అన్నాడు డాక్టరు.

అప్పటినుంచి బెల్లు కోసం నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. బ్యాటరీ బెల్లు తెచ్చాం. పక్కింటివాళ్ళదీ అదే రకం కావడంతో వాళ్ళింటికి ఎవరొచ్చి నొక్కినా నా షాపులో మోగేది. ఒక్కరోజులో పదకొండుసార్లు గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తాను, పదిసార్లు పక్కింటి చుట్టాల కోసం. ఫోను ఇచ్చి చూశాం. ఎడమచేత్తో ఆ గాజు మీద ఏం నొక్కినా ఇంకెవరికో పోయేది. ఒకసారి గుండీలు సరఫరా చేసే ఆయనకి వెళ్ళింది, పాపం ఆయన పావుగంట హలో హలో అన్నాడట. పైనుంచి వైరు లాగాం. వెనక గోడౌనుకి వెళ్ళే సరుకు వ్యాను ఆ వైరు తెంపుకుపోయింది. మళ్ళీ కట్టాం, మళ్ళీ తెంపుకుపోయింది. ఇంతలో నాలుగిళ్ళవాళ్ళం కలిసి దారికి కాంక్రీటు వేయించుకుంటుంటే, దాని కిందనుంచి పైపు వేసేద్దాం అన్నాడు తమ్ముడు. వేసిన తీరు ముందే చెప్పాను.

వైరు లాగడానికి వాడు ఆదివారం పొద్దున వచ్చాడు. అమ్మ మంచం పక్కన గోడలో ఉన్న పైపు మూత తీశాడు. లోపల చెయ్యి పెట్టి తడిమాడు. మొహం మాడిపోయింది.

"అక్కా, తీగ వదల్లేదే" అన్నాడు.

"ఎవడురా వదలనిది?"

"నేనే."

తిట్టడానికి కూడా బుద్ధి పుట్టలేదు నాకు. వాడు తన సంచిలోంచి చుట్టగా ఉండే ఉక్కు స్ప్రింగు తీసి పైపులోకి తోశాడు. పైపు పొడవు నలభై అడుగులు. మధ్యలో మురుగు కాలవ మూతని తప్పించడానికి రెండు వంపులు తిప్పాడట. స్ప్రింగు పదిహేను అడుగులు వెళ్ళి మొదటి వంపు దగ్గర మొండికేసింది. షాపువైపు నుంచి తోస్తే రెండో వంపు దగ్గర ఆగింది. సబ్బు రాశాడు, నూనె రాశాడు, తిప్పాడు, గుంజాడు. రెండు గంటల్లో వాడి తల ప్రాణం తోకకొచ్చింది గానీ స్ప్రింగు అంగుళం కదల్లేదు. చివరికి దాన్ని బయటికి లాగేసి, అమ్మ మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు.

"పగలగొట్టాల్సిందే" అన్నాడు.

"పదిహేను రోజుల కింద పోసిన కాంక్రీటు పగలగొడతామంటే నాలుగిళ్ళవాళ్ళూ కలిసి మనిద్దర్నీ పగలగొడతారు" అన్నాను.

అమ్మ దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్క స్టూలు మీద గ్లాసులో నీళ్ళు, అందులో స్ట్రా. నోరు ఒకపక్కకి జారిపోవడంతో గ్లాసుతో తాగలేదు, స్ట్రాతో పీలుస్తుంది. మేం మాట్లాడుతుండగా ఆమె ఎడమచేత్తో ఆ స్ట్రా బయటికి లాగింది. నీళ్ళు దుప్పటి మీద కారాయి.

"అమ్మా, ఏంటిది" అని నేను స్ట్రా తీసుకుని మళ్ళీ గ్లాసులో పెట్టి దుప్పటి తుడిచాను. ఆమె మళ్ళీ లాగింది. ఈసారి దాన్ని ఒళ్ళో పడేసుకుని దుప్పటి అంచు కుట్టులోంచి ఊడిన దారపు పోగు ఒకటి పట్టుకుని గుంజసాగింది.

"కుట్టు ఊడిపోతుందమ్మా, వదులు" అని పసిపిల్లకి చెప్పినట్టు చెప్పి, చెయ్యి పక్కకి తీశాను. స్ట్రా మళ్ళీ గ్లాసులో పెట్టాను.

తమ్ముడు నిట్టూర్చాడు. "రోజురోజుకీ తెలివి కూడా పోతోందక్కా" అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. వినేవాళ్ళెవరూ లేరన్నట్టు.

మూడోసారి అమ్మ స్ట్రా తీసింది. నేను చెయ్యి చాపితే నా వేళ్ళ మీద ఒక్కటి వేసింది. నేను ఆగిపోయాను. ఆమె స్ట్రాని ఒళ్ళో పెట్టుకుని, దారపు పోగు ఫట్టున తెంపింది. ఆ పోగు కొసని స్ట్రా చివరికి ఆనించి బొటనవేలితో పట్టుకుంది. రెండో చివర నోట్లో పెట్టుకుని, మంచిగా ఉన్న పక్క పెదవులు బిగించి పీల్చింది. ఏమీ కాలేదు. గాలి నోటి పక్కనుంచి పోయింది. మళ్ళీ పీల్చింది. బుగ్గ లోపలికి పోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బొటనవేలు కాస్త వదిలింది. దారం సర్రున స్ట్రాలోకి దూరిపోయింది.

స్ట్రా నోట్లోంచి తీసి మా ఇద్దరికీ చూపించింది. దారం ఈ చివరనుంచి బయటికి వేలాడుతోంది. ఆ స్ట్రాతోనే గోడలోని పైపు వైపు చూపించింది. తర్వాత కిటికీలోంచి షాపు వైపు చూపించింది.

తమ్ముడు పైపు వైపూ కిటికీ వైపూ మార్చి మార్చి చూశాడు.

"వాక్యూమ్ క్లీనరు" అన్నాడు తమ్ముడు.

మిషన్ల కింద పడే దారప్పోగులు పీల్చడానికి షాపులో ఒక వాక్యూమ్ క్లీనరు ఉంది. అది మా అమ్మ కొన్నదే. రీలు కింద పడి ఉండగా దాన్ని నడిపితే రీలులోని దారం మొత్తం మింగేస్తుందని మా షాపులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం, రెండు గంటలసేపు సబ్బూ నూనే అందిస్తూ నిలబడ్డాను.

తమ్ముడు షాపులోకి వెళ్ళి పైపు చివర వాక్యూమ్ గొట్టం పెట్టి, గాలి పోకుండా చుట్టూ తడిగుడ్డ బిగించాడు. నేను ఇటువైపు రీలు పెన్సిలుకి గుచ్చి, దారం కొసకి దూది ఉండ కట్టి, పైపులో పెట్టాను. ఫోనులో "ఆన్ చేస్తున్నా" అన్నాడు. దూది లోపలికి పోయింది. రీలు నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. వెనక్కి లాగి చూస్తే పైపులోని తేమకి దూది తడిసి ముద్దయింది.

అమ్మ తల అడ్డంగా ఊపింది. స్టూలు మీద మందుల పల్చటి ప్లాస్టిక్ కవరు ఉంటే వేలితో చూపించింది. దాంట్లోంచి రూపాయి బిళ్ళంత ముక్క కత్తిరించి, మధ్యలో దారంతో ముడి వేసి, గొడుగులా కట్టాను. అమ్మ చెయ్యి చాపింది. ఏం కావాలో ఈసారి అడగలేదు నేను. పెన్సిలు చేతికిచ్చాను. రీలు తిరిగేలా దాన్ని ఎడమచేత్తో పట్టుకుంది.

తమ్ముడు మళ్ళీ ఆన్ చేశాడు. ప్లాస్టిక్ ముక్క పైపులో మాయమైంది. రీలు గిరగిరా తిరిగింది, కాస్త తడబడింది, మళ్ళీ తిరిగింది. అమ్మ ఊపిరి బిగపట్టి రీలు వంకే చూస్తోంది.

"వచ్చింది" అన్నాడు ఫోనులో. "అక్కా, దారం నా చేతిలో ఉంది. వైరు కట్టు, లాగేస్తా."

"ఏడిశావులే. కుట్టు దారానికి వైరు కడితే తెగదూ" అన్నాను. ముందు జీన్సు కుట్టే లావు దారం కట్టాను. దాని వెనక నైలాను తాడు కట్టాను. దాని వెనక వైరు. ఒక్కో ముడి అమ్మకి చూపించాను, ఆమె తలూపితేనే వదిలాను. తాడు ముడి ఒకటి నచ్చలేదు ఆమెకి, విప్పించి మళ్ళీ వేయించింది. అరగంటలో వైరు షాపులో తేలింది.

మధ్యాహ్నానికి తమ్ముడు షాపులో బెల్లు బిగించి, ఇటు వచ్చి మంచం పట్టీకి స్విచ్చి బిగించసాగాడు. నేను వంటింట్లో గిన్నెలు తోముతూ వాడి స్క్రూడ్రైవరు చప్పుడు వింటున్నాను. చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

పైపు సంగతి అర్థమైన మనిషికి మిగతావి అర్థం కాకుండా ఎలా ఉంటాయి?

పోయిన నెల అమ్మ తల దువ్వుతూ, చూడ్డానికొచ్చిన పక్కింటావిడతో నేనొక మాట అన్నాను. "ఇలా పడి ఉండేకంటే నిద్రలో పోతే ఆమెకీ సుఖం, మాకూ సుఖం" అన్నాను. దువ్వెన అమ్మ జుట్టులోనే ఉంది అప్పుడు. అమ్మ మిషన్ ఎవరికైనా ఇచ్చేద్దామని తమ్ముడు అన్నది కూడా ఆ గదిలోనే. ఇంక ఆమె కుట్టేదా పెట్టేదా అన్నాడు. నేను సరే అన్నాను. ఇంకా ఎన్ని అన్నామో. ఎవరూ లేని గదిలో కూడా అనకూడని మాటలు కన్నతల్లి తల పట్టుకుని అన్నాను.

తమ్ముడు పని ముగించి చేతులు కడుక్కోవడానికి వచ్చినప్పుడు, అమ్మ మన మాటలన్నీ విందని వాడికి చెప్పాను. వాడు కుళాయి కట్టేసి, తుడుచుకోవడం మరిచిపోయి, చాలాసేపు తడిచేతులతో నిలబడ్డాడు.

"పొద్దున నేనన్నది కూడా వింది" అన్నాడు.

"వినకుండా ఎక్కడికి పోతుంది?"

వాడు సామాను సర్దుకోవాలని షాపులోకి వెళ్ళిపోయాడు. పారిపోయాడంటే సరిగ్గా ఉంటుంది. పారిపోవాలని నాకూ ఉంది, కానీ అమ్మకి మందు వేసే టైమైంది.

మందు వేశాను. నోరు తుడిచాను. దిండు సర్దాను. దుప్పటి అంచు సర్దాను. ఇక సర్దడానికేమీ మిగలక మంచం మీద కూర్చున్నాను.

"అమ్మా, ఆ రోజు పక్కింటావిడతో నేనన్న మాట విన్నావా?"

ఆమె నా మొహంలోకి చూసి తలూపింది.

"తమ్ముడు మిషన్ ఇచ్చేద్దామన్నది?"

తలూపింది.

"నీకేం తెలియడం లేదనుకున్నామమ్మా. అలసిపోయి అన్నాను. అలసిపోతే మాత్రం అనొచ్చా? తప్పు చేశాను" అన్నాను. ఏడుపొచ్చేసింది. ఈ మూడు నెలల్లో నేను ఆమెని చూసి ఏడవడమే గానీ, ఆమెతో మాట్లాడుతూ ఏడవడం అదే మొదటిసారి.

ఎడమచెయ్యి ఎత్తి దగ్గరికి రమ్మంది. నా తల నిమురుతుందనుకుని వంగాను. ఆమె నా రెక్క పట్టుకుని, మోచేతి పైన, లోపలివైపు మెత్తటి కండ వెతికి పట్టుకుని, మెలితిప్పి గిల్లింది. చిన్నప్పుడు కుట్టు వంకరపోతే అక్కడే, సరిగ్గా అలాగే గిల్లేది. మూడు నెలలు మంచంలో ఉన్న మనిషి వేళ్ళలో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో గానీ, కెవ్వుమనబోయి ఆపుకున్నాను. గిల్లడం అయ్యాక ఆ చోటునే అరచేత్తో రెండుసార్లు రాసింది.

తర్వాత చెయ్యి చాపి స్విచ్చి నొక్కింది. దారి అవతల షాపులో బెల్లు మోగడం వినిపించింది.

"ఇక్కడే ఉన్నాగా అమ్మా, ఏం కావాలి?" అన్నాను.

నా వంక చూడనేలేదు. గుమ్మం వైపు చూస్తూ మళ్ళీ నొక్కింది. వదలకుండా నొక్కింది.

తమ్ముడు చెప్పులు కూడా వేసుకోకుండా దారి దాటి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగాడు.

"ఏమైందక్కా?" అన్నాడు.

"ఏం కాలేదు. ఇలా అమ్మ దగ్గరికొచ్చి కాస్త వంగు" అన్నాను.