వేరే ఆకు

మహానందికి పోదామని బండి కట్టించింది మా ఆయనే. మైదుకూరు దగ్గర మా ఇంట్లో అత్తగారి కట్టడి గట్టిది. మగ్గం దిగి ఆయన తిన్నాక, ఆ కంచంలోనే నేను తినాలి. ఆయన నాకోసమని ఇంత పప్పో, ఊరగాయ ముక్కో అడుగున మిగిల్చేవాడు. పెళ్లయిన కొత్తలో అది ప్రేమే అనుకుని మురిసిపోయాను. "ఆడ నీ ఆకు నీకే. ఇద్దరం పక్కపక్కన కూచుని తిందాం" అని దారిలో ఆయనే అన్నాడు. ఆ మాట తలుచుకుంటూనే శివరాత్రి ఉపవాసం గడిపాను.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులివి. మాకు రోజూ జొన్న సంకటే, వరి అన్నం పండగకే. తెల్లారి కోనేట్లో మునిగి, తల ఆరకముందే పూటకూళ్లింట్లో కూర్చున్నాం. ఇద్దరికీ ఆకులు వేశారు. అన్నం పడింది, పప్పు పడింది. వడ్డించే బాలస్వామి మా ఆయన ఆకులో నెయ్యి పోసి, నన్ను దాటి అవతలి మగాయన దగ్గరికి పోయాడు. పిలిస్తే వినలేదు. మళ్లీ పిలిస్తే వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చాడు.

"నెయ్యి తక్కువుండాదమ్మా. మీ ఆయన ఆకులో మిగులుస్తాడులే."

పంక్తిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

ఆకు ముందు నుంచి లేవడానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. అన్నం కలపకముందైతే దండం పెట్టి లేవొచ్చు. కలిపాక లేస్తే అన్నాన్ని తన్నినట్టే. జంటగా వచ్చినవాళ్లలో ఒకరు లేస్తే రెండోవాళ్లూ లేస్తారు, అది ఒకరు చెప్పి నేర్పేది కాదు. నేనింకా కలపలేదు, ఆయనా కలపలేదు. ఆకుకు దండం పెట్టి లేచాను.

ఆయన నా ముఖం చూశాడు. తర్వాత ఆకులోకి చూశాడు. నేను నిలబడి ఉండగానే తీరిగ్గా పప్పూ నెయ్యీ అన్నంలో కలిపాడు.

"కలిపినంక లేయగూడదు గదా" అన్నాడు.

బయట అరుగు మీద కూలబడ్డాను. బాలస్వామి పరాయివాడు, వాడి మీద కోపం అక్కడికక్కడే చల్లారింది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను? కనీసం నాలుగు ముద్దలు తిని వచ్చేస్తాడేమోనని గుమ్మం వైపే చూశాను. పెరుగన్నం దాకా ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చాడు. వచ్చి నా చెవి దగ్గరికి వంగాడు.

"పోయి తిను. నీకు నెయ్యన్నం మిగిలిచ్చినా. ఆకు తీయొద్దని చెప్పొచ్చినా."

ఆ మాట ప్రేమగానే అన్నాడు. అందుకే లోపలికి పోకుండా బండెక్కాను.

ఇంటికొచ్చాక దేనికీ లోటు చేయలేదు. మగ్గానికి నూలు కండెలు చుట్టి ఇస్తున్నాను, వేళకు అన్నం పెడుతున్నాను. అత్తగారు ఎంత సణిగినా నా కంచం నాకు వేరే. ఆయన కంచంలో మిగిలింది కోళ్లకు వేసి కడిగేస్తున్నాను.

ఆయన మాత్రం ఇంకా మిగులుస్తూనే ఉన్నాడు.