రుమాలు కింది భాష

కంప్యూటర్లన్నీ ఆన్ చేసి, కుర్చీలు సర్ది, పిల్లలు వచ్చేలోగా అరుణజ్యోతి తన భాషను తెరిచింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ల్యాబ్ అసిస్టెంటుకు ఇది దొంగచాటు పని. ఎందుకూ పనికిరాని ప్రోగ్రామింగ్ భాషను కనిపెట్టి, అందులో ప్రోగ్రాము రాసి చూపే పోటీ ఒకటుంటే, దానికి తన భాషను పంపింది. ఎంత వింతైతే అంత మెప్పు. కూడు పెట్టేదీ కాదు, గుడ్డ పెట్టేదీ కాదు.

ఆమె భాషలో అక్షరాల్లేవు, వేళ్లే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో దళారులు రుమాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర తేల్చుకునేవారు. తండ్రి లచ్చయ్య ఆ పనిలోనే ముసలివాడయ్యాడు. ఆ గుర్తులు ఆమెకు చిన్నప్పుడు నేర్పింది ఆయనే. కీబోర్డు మీద ఒక్కో వేలికి ఒక్కో మీట, ఒక్కో నొక్కుకు ఒక్కో ఆదేశం.

మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. మొదటి బహుమతి. సాయంత్రం వీడియోలో అసలు దళారి చేతనే ఆ గుర్తులు చూపించమన్నారు. ఆమె వెళ్లి డైరెక్టరుకు సంగతి చెప్పి సెలవడిగింది.

"ఈ భాషకి ఉద్యోగాలున్నాయా అమ్మా?" అని నవ్వాడు డైరెక్టరు త్రినాథరావు. "సరే, వెళ్లిరా. నాన్నగారికి మంచి చొక్కా వెయ్యి."

ఎల్బీనగర్ బస్సెక్కి కొత్తపేటలో దిగి, బత్తాయిలు కొని ఇంటికి చేరింది. లచ్చయ్య గోడకానుకుని వాటిలో ఒకటి ఒలుస్తూ కూర్చున్నాడు.

"నాయినా, నీ వేళ్ల లెక్క ఇయ్యాల ఫోన్ల అందరికి జూపియ్యాలె. నాకు బహుమతొచ్చింది."

ఆయన చెయ్యి ఆగింది.

"గది ఉత్త లెక్క బిడ్డా. అసలుది ఇంట్ల జెప్పొద్దని మాకు ఒట్టు. నువ్వు ఇడ్వకుండ అడిగితివి, ఏదో కల్పించి జెప్పిన."

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నాన్న చేయి పట్టుకుని తను మురిసిపోయిందంతా అబద్ధమా? అసలు లెక్కేనని పోటీవాళ్లకు గొప్పగా రాసిచ్చిందే. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"గిప్పుడన్న జెప్పు నాయినా. అబద్ధంతోని వాళ్ల ముందర ఎట్ల కూసోవాలె?"

లచ్చయ్య సగం ఒలిచిన బత్తాయిని గోడవార పెట్టాడు. "గడ్డిఅన్నారంల మార్కెట్టే ఎత్తేసిరి. ఇగ ఒట్టెక్కడిది? పో, రుమాలు తే."

ఆమె దండెం మీది రుమాలు తెచ్చేసరికి ఆయన కళ్లు మూసుకుని, ఒళ్లో చెయ్యి చాచి సిద్ధంగా ఉన్నాడు. పైన రుమాలు కప్పి, కింద తన చెయ్యి కలిపింది. వెచ్చగానే ఉంది. నొక్కుతాడని కాచుకుంది. నొక్కలేదు.

"నాయినా," అంది. మళ్లీ అంది. ఆయన ఛాతీ కదలడం లేదు. ఆ చెయ్యి మాత్రం వదల్లేకపోయింది.

గోడవార బత్తాయి సగం ఒలిచి ఉంది, మిగిలిన తోలు మీద ఆయన బొటనవేలి గోరు దిగిన గుర్తు ఇంకా తడిగా ఉంది.