ఇద్దరికి తక్కువ వండరు

కొరియాలోని యోసు రేవులో ఏ హోటల్‌కెళ్లినా ఒకటే మాట: "ఒక్కరికైతే వండం. ఇద్దరుండాలి." భర్త పోయాక మొదటిసారి ఒంటరిగా ఊరు చూడ్డానికొచ్చిన మల్సూన్‌కి ఒళ్లు మండింది. సందు చివరి హోటల్లో ఎవరూ అడక్కముందే "ఇద్దరం!" అని కూర్చుంది.

పొగలు కక్కుతూ చేపల పులుసు వచ్చింది. రెండు అన్నం గిన్నెలు, రెండు చెంచాలు.

"ఇంకొకరేరీ? చల్లారిపోతోంది," అంది హోటలామె.

"రారు," అంది మల్సూన్, తల దించుకుని.

హోటలామె ఏప్రన్ విప్పి ఎదురుగా కూలబడి, రెండో గిన్నె తన వైపు లాక్కుంది. "పొద్దుట్నుంచీ నేనూ తిన్లేదక్కా!" అంటూ ముల్లు తీసిన ముక్క మల్సూన్ అన్నం మీద పెట్టింది.

మల్సూన్ ముందు ఆ ముక్క తింది. తర్వాత గిన్నె ఖాళీ చేసింది.

"రేపూ ఇద్దరికి వండు, చెల్లీ."