చదును

పీణ్య ఫ్యాక్టరీలో టూల్‌రూమ్ ఫిట్టర్‌గా ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. మైక్రాన్ తేడా వస్తే ముక్కను సూపర్‌వైజర్ బల్ల మీద విసిరికొట్టే రకం నేను. అలాంటి ఈ లింగన్న, కూతురి గిటారు బాగుచేయడానికి ఇంకొకడి గడప తొక్కడమా? ఇదీ నా పొగరు.

కళ్యాణి ముందే చెప్పింది. "నాయినా, నగర్తపేటలో పాపయ్య తాత ఉండాడు. ఫ్రెట్ల పని ఆయనకే ఇయ్యాల."

ఫ్రెట్లంటే గిటారు మెడకు అడ్డంగా దిగగొట్టిన సన్నటి లోహపు కడ్డీలు. అవి అరిగి తీగలు జరజరమంటున్నాయి.

"కడ్డీలు అరగదీసేదానికి తాత ఎందుకే? మీ నాయిన చచ్చినాడా?" అన్నాను.

గురువారం సెలవు. పిల్ల బయటికి వెళ్లగానే ఆకురాయి తీశాను. స్కేలు పెట్టి చూస్తే ప్రతి కడ్డీ నడుమ ఎత్తు, అంచులు పల్లం. ఛీ, చేసినవాడికి పని రాదనుకున్నాను. స్కేలు కింద వెలుతురు దూరనంత వరకు అరగదీశాను.

సాయంత్రం కళ్యాణి వాయించింది. నడిమి రెండు తీగలు నొక్కితే చెక్కకే తగిలి మూగబోయాయి. ఆర్కెస్ట్రాలో ఉద్యోగానికి శనివారం పదింటికి సెలక్షన్. మూడేళ్లుగా దానికోసమే వేళ్లు కాయలు కాచేలా వాయించింది. ఇంకొకరి గిటారు అడిగింది కానీ, ఆ రోజు అందరూ వాయించేవాళ్లే, ఎవరిస్తారు? నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

శుక్రవారం పొద్దున్నే పాపయ్య మేడగదికి పరుగెత్తాం. ఆయన గిటారును కిటికీ దగ్గరికి ఎత్తి చూశాడు.

"ఎవడప్పా ఈ పని చేసింది?"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"షాపులో ఇచ్చినాం తాతా," అంది కళ్యాణి, నా వైపు చూడకుండా. సిగ్గుతో చచ్చిపోయాను.

"మెడ చెక్కే వంపు కదమ్మా! కడ్డీలూ ఆ వంపులోనే ఉండాల. వాడు వంపంతా తినేసినాడు. అన్నీ పీకి కొత్తవి వేయాల."

"రేపటికి అయితాదా సామీ? నీ కాళ్లు పట్టుకుంటా," అన్నాను.

పాపయ్య కుడిచేయి చాపాడు. వేళ్లు వణుకుతున్నాయి. "దిగగొట్టేది ఎట్లో దిగగొడతా. ఆమీద ఆకురాయితో వంపుకు సరిచేసేదానికి ఈ చేయి నిలవదప్పా. ఆర్నెల్లాయె."

కళ్యాణి గోడకు తిరిగి ఏడ్చింది. అయ్యో, నా చేతులారా నా బిడ్డ నోటికాడ కూడు తీశాను.

పాపయ్య మాత్రం కడ్డీల మీద బొటనవేలు జరుపుతూనే ఉన్నాడు. "ఇరవై కడ్డీలు. యాడా వెంట్రుకంత తేడా లేదు. ఇంత చదును నా చేత కూడా కాలేదు. వానికి చేయి ఉండాది, అడిగే బుద్ధే లేదు. వాణ్ని పిల్చుకోని రాండి. పక్కన కూర్చోని నేను చెప్తా, వాడు చేయనీ. ఆ షాపు యాడుండాది?"

కళ్యాణి ఇటు తిరిగింది. నిన్నటి నుంచి మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

చొక్కా చేతులు పైకి మడిచాను.

"షాపు లేదు సామీ. ఆ బుద్ధి లేనోణ్ని నేనే. ఏ ఆకురాయి పట్టాలో నువ్వే చెప్పు."