అంజనప్పకు రెండు చావులు

కార్గిల్‌లో యుద్ధం మొదలై నెల దాటింది. పెనుకొండ విలేకరి తిరుపాల్ ఆ రోజు రాసి పంపింది నాలుగు వాక్యాలు. పక్క ఊరి లక్ష్మక్క కొడుకు అంజనప్ప మిలిటరీలో డ్రైవరు. నాసిక్ దగ్గర అతను ఉల్లిగడ్డల లోడుతో నడుపుతున్న మిలిటరీ లారీ మలుపులో బోల్తా పడటంతో మరణించాడు. తల్లికి టెలిగ్రాం వచ్చింది. శవం ఎల్లుండి రైల్లో ధర్మవరం చేరుతుంది. ఆ కాగితం కవర్లో పెట్టి అనంతపురం బస్సు కండక్టరు చేతికిచ్చాడు.

మరునాటి పేపర్లో లారీ లేదు, ఉల్లిగడ్డలు లేవు. 'మంచుకొండల్లో శత్రువు తూటాలకు ఎదురొడ్డి అంజనప్ప వీరమరణం' అని ఉంది.

తిరుపాల్ ఎస్టీడీ బూత్‌కు పోయి, పేపరాఫీసులో వార్తలు దిద్దే డెస్క్‌లో ఉండే దానియేలుకు ఫోన్ చేశాడు.

"అన్నా, నాసిక్‌లో మంచు యాడుండాదన్నా?"

"ఏమప్పా, మన పేపరు నువ్వే చదవవా? యుద్ధం అయ్యేదాకా మిలిటరీవాళ్లెవరూ చావరు. అందరూ వీరమరణమే పొందుతారు. పైనుంచి ఆర్డరు."

"లారీ బోల్తా పడినా?"

"పడినా పొందుతారు. మొన్న హిందూపురంలో రిటైరైన సుబేదారు షుగరుతో పోయినాడు. ఆయన చేతనే పొందించినాం. నీవాడు డ్యూటీలో ఉండె కదా!"

"మరి తూటాలెందుకన్నా?"

"ముందర 'వీర' పెట్టినాక తూటా లేకుంటే బాగుంటాదా?"

సవరణ వేయమంటే దానియేలు నవ్వాడు. లీడర్లు దండలు కొనేశారు, ఊరేగింపుకు ట్రాక్టరు ముస్తాబవుతోంది, ఇప్పుడు సవరణ వేస్తే దేశద్రోహం కిందికి వస్తుందన్నాడు.

ఆ మధ్యాహ్నమే లక్ష్మక్క ఊరి సర్పంచి వెంకటస్వామి వెతుక్కుంటూ వచ్చాడు.

"లక్ష్మక్క రేపు ధర్మవరం రానంటాంది. నువ్వొచ్చి చెప్పబ్బా."

శవం ఊరు చేరి మట్టి చేసేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగకూడదు. వీళ్లు పోయేసరికి లక్ష్మక్క సంగటి కెలుకుతోంది.

"టెలిగ్రాం లారీ అంటాది, పేపరు కొండ అంటాది. ఒక మనిషి రెండు చోట్ల సస్తాడా? ఎవరో ఇద్దరు అంజనప్పలు పోయినారు. పాపం, వాళ్ల తల్లులు. నా కొడుకు దసరాకు వస్తాడు."

"పేపరు తప్పక్కా."

"రాసింది నువ్వే కదా?"

సర్పంచి సర్దబోయాడు.

"వీరమరణం పొందినాడు లక్ష్మక్కా, దేశం కోసరం..."

"పొందితే పొందనీ. పొందినాక ఇంటికి వస్తాడు కదా?"

సర్పంచి వాకిట్లోకి పోయి బీడీ ముట్టించుకున్నాడు.

తిరుపాల్ ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. నోటుబుక్కు తెరిచి, తాను పంపిన నాలుగు వాక్యాలు చదవసాగాడు. నాసిక్, లోడు, మలుపు, లారీ. 'మరణించాడు' అన్నచోట ఆగి, పుస్తకం మూశాడు.

"పేపర్లోది డెస్క్‌వాళ్లు అల్లింది. నేను రాసింది ఇది. అంజనప్ప సచ్చిపోయినాడక్కా."

ఆ ఇంట్లో ఆ మాట అన్నవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు. లక్ష్మక్క సంగటి కెలికే కట్టె పక్కన పెట్టింది.

"నిద్ర పట్టేసింటాది," అంది. "చిన్నప్పటి నుంచీ అంతే. వానికి నిద్ర ఆగదు."

కొంగుతో మొహం కప్పుకుంది. ఆ కొంగు లోపలి నుంచే అడిగింది.

"రేపు రైలు ఎన్ని గంటలకబ్బా?"