అత్తగారికి బండి నేర్పిన అల్లుడు

బండి మళ్ళీ వెనక్కి జారింది. ఎంతనుకున్నారు? ఒక్క మూర. ఆ మూరెడే రేవాయ్ కొంప ముంచింది.

లైసెన్సు పరీక్షలో డ్రమ్ముల మధ్యనుంచి బండిని వెనక్కి తియ్యమంటే మగమహారాజులకే ముచ్చెమటలు పోస్తాయి. రేవాయ్ ఆ పని వాకిలి ఊడ్చినంత సుళువుగా చేసేసింది. మలుపులూ సరే, అద్దాలు చూసుకోవడమూ సరే. ఎటొచ్చీ ఆ దిక్కుమాలిన ఎత్తు దగ్గరే వచ్చింది చిక్కు. ఎత్తు మధ్యలో బండి ఆపి మళ్ళీ కదపాలి. కదిపేలోగా వెనక్కి జారిందా, పరీక్ష పోయినట్టే. పరీక్ష పెట్టినాయన మంచివాడే పాపం. "బండి వెనక్కి జారిందమ్మా, మళ్ళీ రండి" అని దిగిపోయాడు. మొదటిసారీ అదే మాట, రెండోసారీ అదే మాట. ఇది మూడోసారి.

ముతారే పట్నం నించి తమ ఊరు ఓద్జీకి తిరిగొస్తుంటే స్టీరింగు అల్లుడు జివనాయ్ పట్టుకున్నాడు. రేవాయ్ ట్రక్కు వెనకాల తొట్లో ఖాళీ టమాటా పెట్టెల మీద కూచుంది. దారంతా మనసులోనే కాళ్ళు ఆడిస్తూ కూచుంది. కాళ్ళు ఇంకా చురుగ్గా కదలాలి, అంతే, క్లచ్చు నించి పాదం ఎత్తేలోపల రెండోది నొక్కాలి, తను మందకొడిది, వయసు మీద పడింది, ఇదీ ఆవిడ లెక్క.

ఇంటికొచ్చాక చూడాలి ఆ మనిషిని! కాలుగాలిన పిల్లి నయం. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. పొయ్యి మీద సద్జా, అదే సంకటి, పెట్టి మరిచిపోయి మాడబెట్టింది. టమాటా మళ్ళలోకి వెళ్ళి, ఎందుకొచ్చిందో గుర్తురాక తిరిగొచ్చింది. ఆఖరికి రెండు గిన్నెమూతలు నేలమీద పెట్టుకుని, పీట మీద కూచుని, వాటిని కాళ్ళతో టకటకా తొక్కడం మొదలెట్టింది. కోళ్ళు బెదిరి గోడెక్కాయి.

ఆమె తొందరకు కారణం ఉంది. కిందటి చలికాలం మొగుడు గరికాయ్ పోయాడు. వాళ్ళలో ఏడాది తిరిగాక చుట్టాలంతా కూడి పోయినవాడి వస్తువులు పంచుకుంటారు. గొడ్డలి ఒకడికి, కోటు ఒకడికి, అలా. గరికాయ్ వస్తువులన్నిట్లోకీ విలువైంది ఆ చిన్న ట్రక్కు. దాని మీద మరిది పెద్జిసాయ్ కన్ను పడి చాలా రోజులైంది.

"నడపడం రాని మనిషికి బండెందుకు వదినా? కోళ్ళు గుడ్లు పెట్టుకోడానికా?" అన్నాడు అందరిలో. అందరూ నవ్వారు. నిజానికి అప్పటికే ఒక కోడి ఆ పనిలో ఉంది.

రేవాయ్ కూడా తగ్గలేదు. "నేర్చుకుంటా" అంది.

గరికాయ్ పెదనాన్న గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు: "పంపకాల నాటికి చేతిలో లైసెన్సు ఉండి నడుపుతానంటే బండి ఆమెది. లేదంటే పెద్జిసాయ్‌ది."

కోర్టుకు పోతే చట్టం రేవాయ్ వైపే మాట్లాడుతుంది, అది అందరికీ తెలుసు. కానీ మొగుడి తరఫు వాళ్ళను కోర్టుకీడ్చిన ఆడదాని పొలానికి మర్నాటి నించి సాయమెవడొస్తాడు? అలాగని బండి పోతే? టమాటాలు పండించేది ఆమె, ముతారే మార్కెట్టుకు తోలేది పెద్జిసాయ్. వాడు చెప్పిందే ధర. సొంత మడిలో కూలిదాని బతుకు. అది తలుచుకుంటే ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఆ చుట్టుపక్కల బండి నడపడం వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకడు పెద్జిసాయ్, వాణ్ణి ఎలాగూ అడగలేం. రెండోవాడు కూతురు చెనాయ్ మొగుడు జివనాయ్. బంగారంలాంటి పిల్లాడు. అదే వచ్చిన తంటా.

అక్కడ అల్లుడనేవాడు అత్తగారి మొహంలోకి సూటిగా చూడకూడదు. చెయ్యి తగలకూడదు, పక్కన ఆనుకుని కూచోకూడదు, గొంతు పెంచకూడదు. ఆమె ఎదురైతే వంగి, మెల్లిగా చప్పట్లు కొట్టి పలకరించాలి. జివనాయ్ ఇందులో అక్షరం పొల్లుపోనివ్వడు. బండిలో అవతలి తలుపుకు బల్లిలా అతుక్కుని, మొహం కిటికీ బయట పెట్టి, చెట్లకూ మేకలకూ పాఠం చెప్పేవాడు.

"అత్తయ్యగారూ, చాలా బాగుందండీ."

గేరు కిర్రుమన్నా "బాగుందండీ." ఎక్కడికక్కడ ఇంజను ఆగిపోయినా "ఫరవాలేదండీ, బండిదే తప్పు." ఒకసారి మేకల దడిలోకి పోనిస్తే "దడి కొంచెం ముందుకొచ్చిందండీ" అన్నాడు మహానుభావుడు.

మరి రేవాయ్ ఏమనుకుంటుంది? అన్నీ బాగున్నాయనే అనుకుంది. అన్నీ బాగుంటే మూడుసార్లు ఎందుకు తప్పుతున్నాను అని మాత్రం అర్థంకాక కొట్టుమిట్టాడేది.

ఆ సాయంత్రం గిన్నెమూతలు తొక్కుతుండగా సెకెసాయ్ వచ్చింది. అక్కడ ప్రతి కుటుంబానికీ ఒక సహ్విరా ఉంటుంది. చుట్టం కాదు, చుట్టం కంటే ఎక్కువ. పెళ్ళిలోనైనా చావులోనైనా ఆమె ఏమన్నా ఎవరూ కోప్పడకూడదు. అయినవాళ్ళు మొహాన అనలేనిది అనడమే ఆమె ధర్మం. గరికాయ్ ఇంటికి సెకెసాయ్ ఆ ధర్మాన్ని నలభై ఏళ్ళుగా కడుపునిండా నెరవేరుస్తోంది. మనిషి భారీ, ముక్కుపొడి మనిషి, నోరు తెరిస్తే ఊరు వినాలి.

"ఇదేం డాన్సే? మొగుడు పోయి ఏడాదైనా కాలేదు" అంది గుమ్మంలోంచే.

"నేను మానేస్తానే సెకెసాయ్" అంది రేవాయ్, కాళ్ళు ఆపకుండానే. "ఇక నావల్ల కాదు. బండి తీసుకుపోనీ ఆ మరిదినే. నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు, పగలు స్థిమితం లేదు. ముసలి కాళ్ళే ఇవి, ఎంత తోమినా ఇంతే."

"మానెయ్. నాకేం? రేపట్నించి పెద్జిసాయ్ బండి వెనకాల పరిగెత్తుకో. 'మరిదిగారూ, ఈ రెండు పెట్టెలు కూడా పట్టవా' అని. బావుంటుంది చూడ్డానికి."

రేవాయ్ కాళ్ళు ఆగాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ అవి కోపానివి.

"అది సరే గానీ" అంది సెకెసాయ్ పీట లాక్కుని. "నేర్పేది ఎవరు?"

"అల్లుడు."

"ఏమంటాడు?"

"చాలా బాగుందండీ అంటాడు."

సెకెసాయ్ చిటికెడు ముక్కుపొడి ఎగబీల్చి, తుమ్మి, కొంగుతో మొహం తుడుచుకుని, అప్పుడు చూసింది నేస్తం వైపు. "ఒసే పిచ్చిమొహమా! నువ్వు బండి తీసుకెళ్ళి నూతిలో దూకినా వాడు బాగుందనే అంటాడు. అల్లుడు తప్పు పట్టగలడా? పెళ్ళిలో నీ మొహంలోకి చూసినందుకు వాళ్ళ మేనత్త చేత మొట్టికాయ తిన్నాక ఈ జన్మకు మరి అత్తగారి మొహం చూస్తాడా? పొద్దున్నే వస్తా. నేనూ ఎక్కుతా."

మర్నాడు సెకెసాయ్ ఇద్దరి మధ్యా దిగబడింది. ఆమె దిగబడ్డాక అల్లుడు తలుపుకు మరింత అతుక్కుపోయాడు. రేవాయ్ తాళం తిప్పబోతుంటే సెకెసాయ్ కెవ్వుమంది.

"ఏంటే ఇది? నా తొడలో గుచ్చుకుంటోంది! ఈ ఇనప కట్టె ఏంటి?"

కిటికీ వైపు నించి చిన్న దగ్గు వినిపించింది. తర్వాత మెల్లిగా చప్పట్లు.

"పెద్దమ్మా, దయచేసి అత్తయ్యగారితో చెప్పండి. దాన్ని హ్యాండ్ బ్రేకు అంటారు."

"అది నాకు తెలుసు" అంది రేవాయ్. "బండి నిలిపేసి ఇంటికి పోయేటప్పుడు వేసేది. పుస్తకంలో చదివా."

మళ్ళీ దగ్గు. "పెద్దమ్మా, అత్తయ్యగారితో చెప్పండి. ఎత్తు మీద ఆపినప్పుడు కూడా అది లాగాలి. ఇంజను అందుకున్నాక వదలాలి. అప్పుడు వెనక్కి జారదు."

రేవాయ్ తన కాళ్ళ కేసి చూసుకుంది, చేతుల కేసి చూసుకుంది. ఇన్ని నెలలు! ఎంత తొక్కులాట, ఎన్ని గిన్నెమూతలు! కాళ్ళదా తప్పు? చెయ్యిది!

సెకెసాయ్ నడుం తిప్పలేక తల మాత్రం తిప్పింది. "ఒరేయ్ అల్లుడూ, మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా?"

జివనాయ్ గొంతు పీలగా వచ్చింది. "అది... అది నేను కూచునే చోటికి ఆనుకుని ఉంటుంది పెద్దమ్మా. అత్తయ్యగారు దానికోసం చెయ్యి చాపితే... నా మోకాలు... తగుల్తుందేమోనని. అందుకే అదొకటుందని గుర్తు చెయ్యలేదు. చదునులోనే నేర్పాను. ఆపినప్పుడు చక్రం కింద రాయి పెట్టేవాణ్ణి."

సెకెసాయ్ నవ్వింది చూడండి, బండి స్టార్టు కాకుండానే ఊగింది. "మోకాలట! మూడుసార్లు పరీక్ష పోయింది వీడి మోకాలి వల్ల! ఆ మోకాలికి బంగారు తొడుగు చేయించండర్రా!"

రేవాయ్‌కి ఒళ్ళు మండింది. అల్లుణ్ణి ఒక్క లెంపకాయ కొట్టాలనిపించింది. కానీ అత్తగారు అల్లుడికి చెయ్యి తగిలించకూడదు కదా, పళ్ళు కొరుక్కుని ఊరుకుంది. కాసేపటికి తనమీదే నవ్వొచ్చింది. తను మాత్రం? ఆ కట్టె వంక ఒక్కసారైనా చెయ్యి చాపిందా? గరికాయ్ పక్కన కూచునుంటే లాగి చూసేది కాదూ?

ఆ రోజు నించి పాఠం తీరే మారిపోయింది. జివనాయ్ కిటికీలోకి మెల్లిగా చెబుతాడు, సెకెసాయ్ దాన్ని తన భాషలో రేవాయ్ మీదికి విసురుతుంది.

"పెద్దమ్మా, క్లచ్చు నిదానంగా వదలమని మనవి."

"ఒసే, అది కాలా రోకలా? మెల్లిగా!"

"పెద్దమ్మా, రోడ్డు వైపు చూస్తే బాగుంటుందని..."

"గేరు కేసి ఏం చూస్తావే, అదేమన్నా కొత్త పెళ్ళికొడుకా? ముందు చూడు!"

రేవాయ్ తిట్టించుకుంది, తిరిగి తిట్టింది, ఒకసారి బండి ఆపి దిగిపోయి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది కూడా. సెకెసాయ్ తలుపులోంచి అరిచింది, "పో! నడవడానికి లైసెన్సక్కర్లేదు!" సగం దారిలో రేవాయ్ వెనక్కి తిరిగింది. కసి పట్టుకుంది మనిషికి. స్కూలు వెనకాల ఎత్తు మీద ఆపడం, లాగడం, ఇంజను మూలుగు మారేదాకా ఓర్చుకోవడం, వదలడం. ఆ ఓర్చుకోవడమే కష్టం. ఏడాదిగా ఒక్క క్షణం కుదురుగా లేని మనిషి మరి. ముందే వదిలేసేది, తిట్లు తినేది. మళ్ళీ ఆపేది, మళ్ళీ లాగేది.

పంపకాలకు ఇంకా రెండు రోజులున్నాయనగా పరీక్ష. ఎత్తు మధ్యలో బండి ఆపింది. పక్కన పరీక్షాయన మోకాలు. పరాయి మగాడి మోకాలు. చెయ్యి అలవాటుగా సగంలో ఆగింది. 'చావనీ' అనుకుంది. లాగింది. ఇంజను మూలుగు మారేదాకా ఆగి వదిలింది. బండి వెంట్రుకవాసైనా వెనక్కి పోలేదు.

పంపకాల రోజు వాకిలి నిండా జనం. గొడ్డలి, కోటు, రేడియో ఎవరివి వారికి పోయాయి. ట్రక్కు మాట రాగానే పెద్జిసాయ్ లేచి బట్టలు దులుపుకున్నాడు. రేవాయ్ లైసెన్సు తీసి పెదనాన్న ముందు చాప మీద పెట్టింది. ఆయన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, ఫోటో చూసి, మనిషిని చూశాడు.

"బండి చెనాయ్ వాళ్ళమ్మది" అన్నాడు.

ఆడవాళ్ళు కేకలు పెట్టారు. పెద్జిసాయ్ చేసేదేం లేక మళ్ళీ కూచున్నాడు. గొడవ చేస్తాడేమోనని అందరూ అటే చూశారు గానీ, వాడు నేల చూపులు చూస్తూ, "అయితే మమ్మల్ని బస్సు రోడ్డు దాకా దింపేది ఎవరు?" అని గొణిగాడు. "ఇంకెవరు?" అన్నారు ఎవరో, నవ్వుతూ.

పొద్దు వాలుతుండగా చుట్టాలంతా మూటలతో తొట్లోకెక్కారు. పెదనాన్నను ఇద్దరు పట్టి ఎక్కించారు. పెద్జిసాయ్ అందరి వెనకాల ఎక్కి తొట్టి అంచు పట్టుకున్నాడు. సెకెసాయ్ ముందు పక్కన కూచుంది. రేవాయ్ స్టీరింగు ముందుకొచ్చి తలుపేసుకుంది. ఇంజను స్టార్టు చేసింది.

అక్కడే ఆగిపోయింది.

ఇక పరుగు లేదు. నేర్చుకోవాల్సిందీ లేదు, ఎవరికీ రుజువు చెయ్యాల్సిందీ లేదు. గరికాయ్ కూచుని కూచుని సీటు గుంట పడ్డ చోట తను కూచుంది. చావునాడు కూడా, వచ్చినవాళ్ళకు సద్జా వండించడంలో, మరిది మాటకు బదులు వెతుక్కోవడంలో పడి, సరిగా ఏడవలేదని అప్పుడు తెలిసింది ఆమెకు. ఏడాదంతా ఆ బండి కోసం ఉరికింది గానీ, బండివాడు లేడన్న మాట దగ్గర ఒక్క నిమిషం నిలవలేదు. ఇప్పుడది వచ్చి గుండె మీద కూచుంది. కళ్ళ ముందు దారి కరిగిపోయింది. స్టీరింగు మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

తొట్లో అలికిడి మొదలైంది. బస్సు దాటిపోతుందని ఎవరో సణిగారు. ఎవరో కప్పు మీద దబదబా కొట్టారు. రేవాయ్ గబగబా కళ్ళు తుడుచుకుని గేరు మీద చెయ్యి వేసింది.

సెకెసాయ్ ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తీసింది. మామూలుగా అయితే ఒక ఎగతాళి మాట అనాలి ఆవిడ, అది ఆమె ధర్మం. కానీ ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"తనివితీరా ఏడు" అంది. "బండి నీది. నువ్వు కదిపేదాకా ఎవడూ ఎక్కడికీ పోలేడు."