పులమ్మమ్మ ఎడమ చెవి

ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా నేను పులిని. అందులోనూ ఆడపులిని, ముసలిదాన్ని. షాంఘైలో మా పిల్లల నాటకశాలకు వచ్చేవాళ్ళెవరికీ నా పేరు జియాంగ్ అని తెలియదు. పులమ్మమ్మ అంటే మాత్రం బస్సు డ్రైవర్లు కూడా నవ్వుతారు.

కథ తాతల నాటిది. అమ్మ పొరుగూరు వెళ్తుంది. ఇంట్లో అక్కాచెల్లెళ్ళిద్దరే. పులి ముసలమ్మ బట్టలు తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని, "తలుపు తియ్యండే, మీ అమ్మమ్మని" అంటూ దిగుతుంది. పక్కలో తోక తగలగానే పిల్లలకు సంగతి తెలిసిపోయి పెరట్లో చెట్టెక్కేస్తారు. అప్పుడు పులి వేదిక అంచుకొచ్చి హాల్లో పిల్లల్ని అడుగుతుంది, "బంగారాలూ, నా మనవరాళ్ళు ఎటు పోయారు?" అని. చెట్టు మీద వాళ్ళు అందరికీ కనిపిస్తూనే ఉంటారు. అయినా పిల్లలంతా ఒక్క గొంతుతో బావిని చూపించి అబద్ధమాడతారు. వేదిక మీద ఉన్నవి చెట్టూ బావీ రెండే మరి. పులి బావిలో దూకి చస్తుంది. ఆ అబద్ధం వాళ్ళకి ఎవరూ నేర్పరు. సాంస్కృతిక విప్లవం పేరుతో నాటకాలే ఆగిపోయిన పదేళ్ళు వదిలేస్తే, అరవై ఏళ్ళుగా ఇదే వరస.

ఈ ఏడు రుయాన్ అనే అమ్మాయి కొత్త దర్శకురాలిగా వచ్చింది. తెలివైన పిల్ల. అదే వచ్చిన చిక్కు.

"మాస్టారూ, పులి పిల్లల్ని అడగడం వద్దు. పిల్లల గొంతులు రికార్డు చేయించాను. సమయానికి అవే అరుస్తాయి" అంది.

"హాలు నిండా పిల్లలుంటే రికార్డెందుకమ్మాయ్? కూడు ముందు పెట్టుకుని గోడ మీద బొమ్మ చూసి గుటకలేసినట్టు."

"ఈ కాలం పిల్లలు అరవరు మాస్టారూ. అరిచినా నిజం చెప్పేస్తారు. పోయిన నెల ఇంకో ఊళ్ళో ఒక పాప 'చెట్టు మీద' అనేసింది. పులి వేషగాడు నోరెళ్ళబెట్టాడు. తనవల్లే అక్కలు చచ్చిపోయారని ఆ పాప మూడు రోజులు అన్నం ముట్టలేదట."

"వాడికి సరైన గురువు దొరకలేదు."

"మీకు దొరికాడు లెండి. ఆదివారం మధ్యాహ్నం ఆట ఒక్కటి మీ పద్ధతిలో ఆడండి. చెడితే సోమవారం నుంచి రికార్డే. మళ్ళీ నాతో పోట్లాటకు రాకూడదు."

రోషానికి పోయి ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాకే అసలు సంగతి తట్టింది. ఆ ఒక్క ప్రశ్న తీసేస్తే నేను తోకున్న ముసలాణ్ణి, అంతే.

ఆదివారం తెర సందులోంచి చూశాను. అమ్మమ్మలు నారింజ తొనలు ఒలిచి నోట్లో పెడుతుంటే పిల్లలు తెల్ల మేజోళ్ళ కాళ్ళు కదపకుండా కూర్చున్నారు. ఆ బుద్ధిమంతుల్ని చూస్తే నాకు చెమటలు పట్టాయి. అల్లరి పిల్లలైతే నాకు ధైర్యం.

ఆట సాగింది. అక్కాచెల్లెళ్ళు చెట్టెక్కారు. నేను అంచుకొచ్చి అడిగాను. ఎవరూ పలకలేదు. మళ్ళీ అడిగాను. ఎడమ పక్క మూడో వరసలో కళ్ళజోడు పెట్టుకున్న ఆరేళ్ళ పిల్లాడు లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మమ్మగారూ, వాళ్ళు చెట్టు మీద ఉన్నారండి" అన్నాడు.

పెద్దవాళ్ళు అడిగితే లేచి జవాబు చెప్పాలని ఇంట్లోనూ బళ్ళోనూ నూరిపోసి ఉంటారు. వాడి తప్పేముంది? హాల్లో తలలన్నీ వాడి వైపు తిరిగాయి. పిల్లాడికి తనేం చేశాడో అప్పుడు తెలిసింది. మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. తెర పక్కన రుయాన్ రికార్డు మీట మీద చెయ్యి వేసింది.

నేను ఎడమ చెవి దగ్గర చెయ్యి దొప్పలా పట్టాను.

"ఏంటి నాయనా? ఈ ఎడమ చెవి నాకు వినపడి చావదు. కుర్రతనంలో ఎలుగుబంటి కొరికింది. ఇటు కుడి పక్కవాళ్ళు చెప్పండమ్మా."

ఆ పిల్లాడి పక్కనున్న ముసలావిడ గొంతు చించుకుంది.

"బావిలో దూకారు! నా కళ్ళతో చూశాను!"

ఇక అంతే, హాలు లేచిపోయింది. పిల్లలు కుర్చీలెక్కారు, నారింజ తొనలు గాల్లోకి లేచాయి, నాలుగొందల చేతులు బావినే చూపించాయి. అందరికంటే గట్టిగా అరిచింది ఆ కళ్ళజోడు వాడే. నేను బావిలో దూకాను. అడుగున ఉండేది పాత పరుపు. అది అంత మెత్తగా ఏనాడూ లేదు. అలాగే పడుకుని కళ్ళు తుడుచుకున్నాను, హాయిగా నవ్వుకున్నాను.

ఆట అయ్యాక పులి తల తీసి చంకన పెట్టుకుని, గుమ్మం దగ్గర ప్రతి పిల్లకీ చెయ్యి కలపడం మా ఆనవాయితీ. భయాన్ని ఎవరూ ఇంటికి మోసుకుపోకూడదు. రుయాన్ వచ్చి నా పక్కన నిలబడింది.

"రికార్డు చెరిపేశాను మాస్టారూ" అంది. గొంతు బొంగురుపోయి ఉంది.

"నువ్వూ అరిచావా?"

"అందరూ అరుస్తుంటే..." అని తల వంచుకుంది.

అందరికంటే చివర ఆ ముసలావిడ వచ్చింది. ఆమె కోటు వెనక పిల్లాడు వెక్కుతున్నాడు.

"'అక్కల్ని పులికి పట్టించబోయాను, ఇంటికి రాను' అంటున్నాడు మాస్టారూ. మీరే ఏదో ఒకటి చెప్పండి."

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"నీ వయసులో నేనూ ఇదే హాల్లో కూర్చున్నాను రా. పులి అడిగింది. నేనే లేచి చెట్టు చూపించాను."

వాడి వెక్కిళ్ళు ఆగాయి. "మరి?"

"అప్పటిదాకా పులికి రెండు చెవులూ వినిపించేవి. పులి వేషం మా గూ మాస్టారిది. ఆరోజు నా మొహం చూసి అప్పటికప్పుడు చెవిటివాడైపోయాడు. ఆ చెవుడే లేకపోతే నేను ఏమైపోయేవాణ్ణో. పెద్దయ్యాక ఆయన దగ్గర చేరి, ముందు ఆ చెవుడే నేర్చుకున్నాను."

వాడు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇప్పుడు కూడా వినపడదా?"

"బొత్తిగా వినపడదు."

వాడు దగ్గరికొచ్చి నా భుజం పట్టుకుని, ఎడమ చెవిలో నోరు పెట్టి ఏదో చెప్పాడు. పొడుగ్గానే చెప్పాడు.

"ఏం చెప్పావురా?" అంది వాళ్ళ అమ్మమ్మ.

వాడు బెదురుగా నా వైపు చూశాడు.

"ఏమోనమ్మా, నాకొక్క ముక్క వినపడలేదు" అన్నాను.

వాడు నవ్వి, ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.